నరకంలో శిక్షకు అంతం ఉందా? వాక్యం దగ్గర పెట్టుకుని మాట్లాడుకుందాం

గుండ్లకమ్మ:
అందరికీ వందనాలు. నరకంలో పడినవాళ్లు చావు రాకుండా, స్పృహతోనే, ఎప్పటికీ కాలుతూ ఉంటారా? లేక తీర్పు పొంది, శిక్ష అనుభవించి, చివరికి లేకుండా పోతారా? మన తెలుగు సంఘాల్లో ఎక్కువగా మొదటిదే బోధిస్తారు. రెండోది నమ్ముతున్నానంటే దుర్బోధకుడని ముద్ర వేస్తారు. నేను మాత్రం రెండోదే లేఖనానికి దగ్గరగా ఉందని నమ్ముతున్నాను. కాదనేవాళ్లు వాక్యంతో ఖండించండి, వింటాను.

ఇప్పుడెందుకు ఎత్తానంటే, ఈమధ్య మా బంధువుల ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. పోయినాయన బాప్తిస్మం తీసుకోలేదు. భార్యాపిల్లలంతా విశ్వాసులు. వాక్యం చెప్పడానికి వచ్చినాయన, చనిపోయాక మంటలో యాతన పడే ఒక ధనవంతుడి గురించి, అతని గుమ్మం దగ్గర పడి ఉన్న లాజరు అనే బీదవాడి గురించి యేసు చెప్పిన భాగం తీసి, "ఈ నిమిషంలో ఆయన ఎక్కడున్నాడో మీకు తెలుసు, నాలుక తడుపుకోవడానికి చుక్క నీళ్లు అడుగుతున్నాడు" అన్నాడు. ఎదురుగా చాప మీద కూర్చున్న ఆ పెద్దావిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. అంత ఖచ్చితంగా చెప్పే అధికారం ఆయనకు ఎవరిచ్చారు?

నా కారణాలు ఇవీ. "పాపమువలన వచ్చు జీతము మరణము" అన్నాడు పౌలు రోమా 6:23లో. యోహాను 3:16లో నిత్యజీవానికి ఎదురుగా ఉన్నది నశించడం. మత్తయి 10:28లో ఆత్మను, దేహాన్ని రెండింటినీ నరకంలో నశింపజేయగలవాడికి భయపడమని యేసుప్రభువే చెప్పాడు. మలాకీ 4లో దుర్మార్గులకు వేరూ చిగురూ మిగలవు, పాదాల కింద బూడిదవుతారు. ఏదెనులో జీవవృక్షం దగ్గర కాపలా పెట్టింది కూడా పాపంలో ఉన్న మనిషి నిరంతరం బతకకూడదనే కదా. అమరత్వం దేవునికి మాత్రమే ఉందని 1 తిమోతి 6:16 అంటుంది. మనుషులకు అది క్రీస్తులో దొరికే వరం. మరి క్రీస్తు లేనివాడికి కాలుతూ ఉండటానికైనా అమరత్వం ఎక్కడిది?

"పురుగు చావదు, అగ్ని ఆరదు" అన్న మార్కు 9:48 నాకు ఎదురు చూపిస్తారని తెలుసు. ఆ మాట యెషయా చివరి వచనం నుంచి వచ్చింది. అక్కడ పడి ఉన్నవి కళేబరాలు. ప్రాణంతో ఉన్న మనుషులు కారు.

లూథరన్ టీచర్:
బ్రదర్, ముందుగా ఆ కూడిక గురించి. ఆ బోధకుడు చేసింది తప్పు. ఒక మనిషి ఆఖరి ఘడియలో దేవునితో ఏం మాట్లాడుకున్నాడో మనకేం తెలుసు? సిలువ మీద దొంగకు ఎంత టైమ్ దొరికింది? కానీ ఒకరు దయ లేకుండా చెప్పినంత మాత్రాన సిద్ధాంతం తప్పైపోదు.

మత్తయి 25:46 మీరు వదిలేశారు. "వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు." ఒకే వాక్యం, రెండుచోట్లా ఒకే "నిత్య". జీవానికి అంతం లేదని నమ్ముతూ శిక్షకు మాత్రం అంతం ఉందంటే ఎలా? 5వ శతాబ్దంలో సంఘ పండితుడు అగస్టీను అడిగిన ప్రశ్నే ఇది. మా లూథరన్లు 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 17వ అధికరణంలో, దుష్టుల శిక్షకు అంతం ఉంటుందన్న బోధను పేరు పెట్టి మరీ తోసిపుచ్చారు. ఊరికే కాదు, ఈ వచనాలను తూకం వేసే.

లేకుండా పోవడమే ఆఖరి శిక్ష అంటే నాకు ఇంకో బాధ. ఊళ్లకు ఊళ్లు తగలబెట్టించి, పసిపిల్లల్ని చంపించి, ముసలితనంలో మంచం మీద హాయిగా పోయినవాళ్లు చరిత్రలో ఎంతమంది లేరు? "ఇక నువ్వు ఉండవు" అంటే అలాంటివాడికి శిక్ష ఎక్కడ, అది విడుదల కదా? బాధితులకు ఈ లోకంలో దొరకని న్యాయం అక్కడైనా దొరకాలి. నరకం గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడింది యేసుప్రభువే. బీదవాళ్ల పక్షాన నిలబడిన నోటితోనే ఆ మాటలు చెప్పాడు.

విశాఖ సబ్బాతు:
మేము అడ్వెంటిస్టులం. మాకు ఈ పేచీయే లేదు. చనిపోయినవాళ్లు పునరుత్థానం వరకు నిద్రలో ఉంటారు. "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అని ప్రసంగి 9:5. ఇప్పుడు పరలోకంలోనూ ఎవరూ విశ్రాంతి పొందటం లేదు, నరకంలోనూ ఎవరూ కాలటం లేదు. తీర్పు తర్వాత అగ్ని దుష్టులను పూర్తిగా దహిస్తుంది. సమాధి రాళ్ల మీద "ప్రభువునందు నిద్రించెను" అని అన్ని సంఘాలవాళ్లూ చెక్కిస్తారు. మేము దాన్ని అక్షరాలా నమ్ముతాం.

గుండ్లకమ్మ:
సబ్బాతు బ్రదర్, ముగింపు విషయంలో మీతో ఏకీభవిస్తాను. మధ్యలో నిద్ర అన్నదే నాకు మింగుడుపడదు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అని సిలువ మీద దొంగతో అన్నాడు ప్రభువు. నేడు అంటే నేడే అని నేను చదువుతాను. దాన్ని వేరుగా మాట్లాడుకుందాం.

టీచర్ గారూ, 25:46 వదిలేయలేదు, మీరు తెస్తారనే ఆగాను. హెబ్రీ పత్రికలో 6:2 "నిత్యమైన తీర్పు" అంటుంది, 9:12 "నిత్యమైన విమోచన" అంటుంది. దేవుడు యుగయుగాలు తీర్పు చదువుతూ కూర్చుంటాడనా? క్రీస్తు విమోచిస్తూనే ఉంటాడనా? జరిగింది ఒక్కసారి, దాని ఫలితానికి అంతం లేదు. నిత్యశిక్ష కూడా అంతే, వెనక్కి తీసుకోలేని శిక్ష. మీరు చెప్పిన అగస్టీనే తన పుస్తకంలో ఇంకో చోట ఏమన్నాడో చూడండి. మరణశిక్ష పడినవాడి శిక్షను, ప్రాణం పోవడానికి పట్టిన ఆ కాస్త సమయంతో చట్టం కొలవదు, బతికున్నవాళ్ల మధ్య నుంచి శాశ్వతంగా తీసేయడంతో కొలుస్తుంది అన్నాడు. ఆయన దాన్ని మీ పక్షానికే వాడాడు. నాకు మాత్రం అది నా పక్షానికే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది.

ధనవంతుడు, లాజరు సంగతి. అది లూకా 16. ఆ ధనవంతుడు ఉన్నది పాతాళంలో, అంటే తీర్పు వరకు చనిపోయినవాళ్లు ఉండే చోట. అతని ఐదుగురు అన్నదమ్ములు ఇంకా భూమ్మీద తింటూ తాగుతూనే ఉన్నారు, అంటే అంత్యతీర్పు ఇంకా జరగలేదు. అగ్నిగుండం గురించి ఆ భాగంలో ఒక్క మాట లేదు. తీర్పు తర్వాత ఏం జరుగుతుందో దాని నుంచి ఎలా తీస్తాం? ఆ కథ గుమ్మం దగ్గర పడి ఉన్న బీదవాణ్ణి పట్టించుకోని ఆస్తిపరుడికి హెచ్చరిక. ఆదరణ కూడికలో ఏడుస్తున్న విధవరాలికి చెప్పాల్సింది కానే కాదు.

ఇక న్యాయం గురించి. నేను శిక్షే లేదనటం లేదు. లూకా 12:47, 48 ప్రకారం ఒకడికి అనేక దెబ్బలు, ఒకడికి కొద్ది దెబ్బలు. దుర్మార్గుడు తన లెక్క అప్పజెప్పే తీరతాడు. కానీ "కొద్ది దెబ్బలు" అన్న మాటకు అంతులేని యాతనలో చోటెక్కడ?

సెబాస్టియన్ హైదరాబాద్:
కతోలిక వైపు నుంచి ఒక మాట. మీ ఇద్దరి వాదనలోనూ చనిపోయిన క్షణంతో తలుపు మూసుకుపోతుంది, ఇక ఆ మనిషి కోసం మనం చేయగలిగింది ఏమీ ఉండదు. మాకు అలా కాదు. ఉత్తరించు స్థలంలో, అంటే పరలోకానికి ముందు శుద్ధి పొందే స్థితిలో ఉన్న ఆత్మల కోసం ప్రార్థిస్తాం, పూజ చెప్పించుకుంటాం. 1274లో లియోన్, 1439లో ఫ్లోరెన్స్, 1563లో ట్రెంట్, మూడు మహాసభలూ దీన్ని ధ్రువీకరించాయి. నవంబరు 2న సమాధుల పండుగకు మా వాళ్లు సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అలంకారం కోసం కాదండీ, ఆ ఆత్మల కోసం ప్రార్థన చేయడానికే. ఆ రోజు పక్క వరసలో లూథరన్ల, సి.ఎస్.ఐ. వాళ్ల సమాధుల మీదా కొవ్వొత్తులు చూశాను. సిద్ధాంతంలో వద్దన్న ప్రార్థన వాళ్ల మనసుల్లో ఆ సాయంత్రం లేదని నేను అనుకోను.

నరకం నిత్యమనే మా సభ కూడా బోధిస్తుంది. 1992లో సభ వెలువరించిన సత్యోపదేశ గ్రంథం ప్రకారం నరకంలో ప్రధాన శిక్ష దేవుని నుంచి శాశ్వతంగా విడిపోవడం. రెండో జాన్ పాల్ పోపుగారు 1999 జులైలో ఇంకాస్త వివరంగా, నరకం ఒక చోటు అనడం కన్నా, దేవుణ్ణి తమంతట తామే కాదనుకున్నవాళ్ల స్థితి అనాలి అన్నారు. ఫలానావాడు అక్కడున్నాడని సభ ఏనాడూ ఎవరి పేరూ ప్రకటించలేదు. పునీతుల జాబితా ఉంది, నరకంలో పడ్డవాళ్ల జాబితా లేదు.

సండేస్కూల్ అక్క:
మీరంతా వచనాలు మాట్లాడుతున్నారు, నేను పిల్లల గురించి మాట్లాడతాను. "రెండు మార్గములు" పటం చాలామంది ఇళ్లలో చూసే ఉంటారు. 1866లో జర్మనీలో షార్లొట్టె రైలెన్ అనే ఆవిడ గీయించిన బొమ్మ. ఎడమ పక్క వెడల్పు దారి, నాటకశాల, జూదపు ఇల్లు, పైన మంటల్లో పట్టణం. కుడి పక్క ఇరుకు దారి, సిలువ, పైన వెలుగులో పట్టణం. అన్నిటికీ పైన ఒక కన్ను. మా క్లాసులో ఆ పటం గోడకు ఉండేది. పిల్లల్లో ఏ ఒక్కరూ కుడి పక్క చూసేవాళ్లు కాదు. ఎడమ పై మూలనే చూసేవాళ్లు. ఒక పాప రాత్రిళ్లు నిద్రపోవటం లేదని, వాళ్ల నాన్న గుడికి రాడు కాబట్టి ఆ మంటల్లోకి వెళ్తాడని ఏడుస్తోందని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. నేను పటం తీసేశాను. పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. నరకం లేదని నేను చెప్పను. ఏడేళ్ల పిల్లకు సువార్త అక్కడి నుంచి మొదలుపెట్టకూడదంటాను. భయంతో చేతులెత్తిన పిల్లలు టీనేజీకి రాగానే చర్చి మానేయడం ఎన్నిసార్లు చూడలేదు మనం?

డల్లాస్ తెలుగోడు:
మూడో మాట ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటాను. చివరికి అందరూ రక్షింపబడతారని ఆశపడొచ్చు. "ఆదామునందు అందరు ఏలాగు మృతిపొందుచున్నారో, ఆలాగుననే క్రీస్తునందు అందరు బ్రదికింపబడుదురు." 1 కొరింథీ 15:22. ఆ రెండు "అందరు"లలో మొదటిదాన్ని అక్షరాలా తీసుకుని రెండోదాన్ని ఎందుకు తగ్గిస్తాం? 4వ శతాబ్దంలో నిస్సా పట్టణపు బిషప్ గ్రెగొరీ దాదాపు ఇదే బోధించాడు. ఆయన్ని ఏ సభా వెలివేయలేదు, ఈరోజుకీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తున్నారు. అగ్ని ఉంటుంది, కానీ శుద్ధి చేసే అగ్ని.

లూథరన్ టీచర్:
గ్రెగొరీ విషయం నిజమే. కానీ 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ నాటికి, గ్రెగొరీకి ముందే ఇలా బోధించిన పండితుడు ఒరిగెన్ పేరు, ఆ బోధలో కొంత భాగం శాపగ్రస్తమయ్యాయి. దాన్నీ చెప్పాలి కదా. యూదా గురించి ప్రభువు ఏమన్నాడు? "ఆ మనుష్యుడు పుట్టియుండనియెడల వానికి మేలు." ఎన్ని యుగాల తర్వాతైనా ఆఖరికి పరలోకమే అయితే పుట్టడమే మేలవుతుంది. ఆశపడటం వేరు, బోధించడం వేరు. నేనూ ఆశపడతాను. పుల్పిట్ ఎక్కి ఆ మాట చెప్పలేను.

గుండ్లకమ్మ:
డల్లాస్ అన్నా, ఇక్కడ నేను టీచర్ గారి పక్షమే.

ఇంకో విషయం ఎవరూ తేలేదు. మా పెద్దల సంగతి. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాని ముందు రెండేళ్లు కరువు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, ఆకలితో, కలరాతో ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు. నీళ్లలోంచి పైకొచ్చిన మనిషికి, సువార్త చెవిన పడకుండానే నిరుడు పోయిన తల్లి గుర్తు రాదా? వెట్టి చేసి చేసి, కరువులో మాడి చచ్చిన ఆవిడ, యేసు పేరే వినని ఆవిడ, ఇప్పుడు అంతులేని అగ్నిలో ఉందని ఎవరైనా నాకు చెప్తే, నిర్గమకాండంలో దాసుల మొర విన్న దేవుడు ఈయనేనా అని అడుగుతాను.

సెబాస్టియన్ హైదరాబాద్:
ఇదే ప్రశ్న జపాన్‌లో అడిగారు. అక్కడ సువార్త చెప్పి వచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్ 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో ఉంది. అక్కడ కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు, చనిపోయిన తల్లిదండ్రుల్ని, పిల్లల్ని దేవుడు నరకం నుంచి తీయలేడా, వాళ్ల శిక్షకు ఎందుకు అంతం ఉండకూడదు అని అడిగేవాళ్లట. లేదని చెప్తే ఏడ్చేవాళ్లట. వాళ్లను చూసి తనకూ దుఃఖం వచ్చేదని ఆయనే రాశాడు. 1964లో రెండో వాటికన్ మహాసభ వేరే మాట చెప్పింది. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు, మనస్సాక్షిలో దేవుణ్ణి వెతికితే, నిత్యరక్షణ పొందగలరని. ఆ మాట రావడానికి 400 ఏళ్లు పట్టింది. అడిగినవాళ్లు వినకుండానే పోయారు.

లూథరన్ టీచర్:
ఆ తల్లి విషయంలో నాకు జవాబు లేదు, సర్వలోకానికి తీర్పు తీర్చువాడు న్యాయం చేస్తాడన్న అబ్రాహాము మాట తప్ప. దాని మీద ఆనుకుంటాను. కానీ బ్రదర్, ప్రకటన గ్రంథం 14:11 సంగతి మీరు ఇంకా చెప్పలేదు. "వారి బాధసంబంధమైన పొగ యుగయుగములు లేచును." దీన్ని ఏం చేస్తారు?

గుండ్లకమ్మ:
చెప్తాను. దానికి ముందు ఒక్క మనవి. జాన్ స్టాట్ అంతటి సువార్తిక బోధకుడు 1988లో, నాశనం అన్న అవగాహనకు కూడా లేఖనాధారం ఉందని, దాన్ని సువార్తికుల మధ్య చోటున్న అభిప్రాయంగా అంగీకరించమని కోరాడు. 2000లో బ్రిటన్‌లోని సువార్తికుల కూటమి ఇవాంజెలికల్ అలయన్స్ తమ నివేదికలో, సంప్రదాయ బోధను నిలబెట్టుకుంటూనే, దీన్ని సువార్తికుల్లోనే ఒక అల్పసంఖ్యాకుల అభిప్రాయంగా గుర్తించింది. మన దగ్గర ఈ ఒక్క విషయం మీద ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు) దూరం పెట్టడం, పాటల బృందం నుంచి తీసేయడం మానాలి. ప్రతి ఆదివారం చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో "శరీర పునరుత్థానమును, నిత్యజీవమును" నమ్ముతున్నాం అంటాం, యాతన ఎంతకాలమన్నది అందులో లేదు.

14:11కి వస్తే, యెషయా 34:10లో ఎదోము దేశపు పొగ కూడా నిత్యం లేస్తుందని ఉంది. ఎదోము ఈరోజు మండటం లేదు. పొగ అంటే పని పూర్తయిందనడానికి సాక్ష్యం, ఆదికాండం 19లో అబ్రాహాము తెల్లవారి లేచి చూసిన సొదొమ పొగలాగే. "రాత్రింబగళ్లు నెమ్మదిలేనివారై" అన్న తర్వాతి ముక్క మాత్రం నా వాదనకు బరువైనదే. అది, ఆ గ్రంథంలో దేవునికి ఎదురు నిలిచే మృగానికి నమస్కరించేవాళ్ల ఇప్పటి స్థితి అని కొందరు చదువుతారు. ఆ చదువు నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. టీచర్ గారూ, 20:14లో మరణాన్ని, మృతుల లోకాన్ని అదే అగ్నిగుండంలో పడేస్తారు. అవి అక్కడ యాతన పడతాయా, లేకుండా పోతాయా? అక్కడి నుంచి మీరు మొదలుపెట్టండి.