డర్హమ్ పెన్నీ: బిషప్ నాణెమా, రాజు నాణెమా?

పాతవెండి:
ఇంగ్లండ్ డర్హమ్ పెన్నీ (వెండి నాణెం), అక్కడ టంకశాల ఉన్న బిషప్ బెక్ (1283–1311) కాలానిది అని అమ్మినవాళ్ళ చీటీ. తూకం 1.31 గ్రాములు. బొమ్మ వైపు రాజు ఎడ్వర్డ్, బొరుసు వైపు పొడుగు శిలువ, చుట్టూ 'సివిటాస్ డురెమె' (డర్హమ్ నగరం). ఆల్బమ్‌లో ఎవరి కింద పెట్టాలి?

టంకశాల:
రాజు కిందే. ముఖం ఆయనది, పేరు ఆయనది. అచ్చులు లండన్ నుంచి వచ్చేవి. 92.5 శాతం వెండి, 1.44 గ్రాముల బరువు, రెండూ రాజు పెట్టిన కొలతలే.

బొరుసు:
పేరు మొదలయ్యే చోట చూడండి సార్. మామూలు శిలువ కాదు, కొసలు రెండుగా చీలి వంగిన శిలువ. బెక్ వంశచిహ్నం అది. తర్వాత వచ్చిన బిషప్ కెల్లో అయితే బొరుసు మీది శిలువకి ఒక కొసన బిషప్ చేతికర్ర వంపు పెట్టించాడు. రాజు నాణెం మీద వీళ్ళ గుర్తులెందుకు?

టంకశాల:
ఎక్కడ కొట్టారో తెలియడానికి. 1302లో రాజు బెక్ పాలనాధికారాలు లాక్కున్నాడు. లాక్కోగలిగినది సొంతం ఎలా అవుతుంది?

పాతవెండి:
నాదాని మీద ఆ గుర్తే సరిగా లేదండీ.

సుత్తిదెబ్బ:
ముందు అంచు చూడండి. కత్తిరించి ఉంటే బయటి చుక్కల వలయం, అక్షరాల తలలు పోతాయి, బరువూ తగ్గుతుంది. వలయం ఉండి గుర్తు మాత్రం లేతగా ఉంటే పైఅచ్చు ఒరిగినట్టు. కింది అచ్చు దిమ్మలో బిగించి ఉంటుంది, పైది చేత్తో పట్టుకుని కొట్టేవాళ్ళు; చెయ్యి కాస్త వాలితే ఒక పక్క సరిగా పడదు. 10 రెట్ల భూతద్దం, పక్క నుంచి దీపం. రుద్దకండి.

బొరుసు:
యార్క్ ఆర్చిబిషప్ వూల్సీ అక్కడి గ్రోట్ (నాలుగు పెన్నీల నాణెం) మీద తన కార్డినల్ టోపీ వేయిస్తే 1529లో అది నేరారోపణల్లోకి ఎక్కింది. గుర్తుకి అర్థం లేకపోతే నేరమెలా అయింది?

టంకశాల:
గ్రోట్ కొట్టినందుకు! ఆర్చిబిషప్‌కి అరగ్రోట్ వరకే హక్కు. అయినా గుర్తు కనపడని నాణేనికీ 'బిషప్‌ది' అని చీటీ కట్టి రెట్టింపు అడుగుతున్నారు. నా దగ్గరా అలాగే గుంజారు.

బొరుసు:
ఓహో, అసలు కోపం చీటీ మీదా? నేను మాట్లాడేది రాబడి గురించి. కొట్టుడు రుసుములో లాభం బిషప్ ఖజానాకి చేరేది. డబ్బు ఎవరికి పోతే టంకశాల వాళ్ళది.

టంకశాల:
నేను మాట్లాడేది అధికారం గురించి. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ వుల్‌ఫ్రెడ్ (805–832) రాజుని పక్కనపెట్టి తన ముఖమే వేయించుకున్నాడు. అది చర్చి నాణెం. బెక్‌ది రాజు ఇచ్చిన హక్కు.

పాతవెండి:
వలయం చుట్టూ పూర్తిగా ఉంది. గుర్తు చోట ఒక్క కొస చీలిక కనిపిస్తోంది.

సుత్తిదెబ్బ:
అయితే అది బెక్‌దే, దెబ్బ లేత. చీటీ మీద రెండూ రాయండి.