యూనివర్సిటీ స్టేటస్ ‘క్యాండిడేట్’ అని ఉంది. అక్రెడిటేషన్ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
మా అమ్మాయికి ఇల్లినాయ్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి ఎంఎస్‌కి ఐ-20 (విద్యార్థి వీసాకి కావాల్సిన పత్రం) వచ్చింది. అమీర్‌పేట కన్సల్టెన్సీలో ‘ఐ-20 వచ్చిందంటే గుర్తింపు ఉన్నట్టే’ అంటున్నారు. యూనివర్సిటీలకి అక్రెడిటేషన్ (గుర్తింపు) ఇచ్చే హెచ్‌ఎల్‌సీ సంస్థ సైట్‌లో చూస్తే ‘క్యాండిడేట్’ అని ఉంది. అసలు ఈ గుర్తింపు ఎలా ఇస్తారు? ఇచ్చాక పోతుందా?

జవాబు 1:
ఆ మాట తప్పండి. ఐ-20 ఇవ్వడానికి ఎస్‌ఈవీపీ అనుమతి (విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి) చాలు, అది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఇచ్చేది. 2011లో మూతబడ్డ ట్రై వ్యాలీ యూనివర్సిటీకి ఆ అనుమతి ఉండేది, అక్రెడిటేషనే లేదు. మన పిల్లలు వందల్లో ఇరుక్కున్నారు.

అక్రెడిటేషన్‌కి ముందు అర్హత చూస్తారు. ఆపైన యూనివర్సిటీ తన గురించి తానే ఆధారాలతో నివేదిక రాసుకోవాలి: ఆడిట్ లెక్కలు, ఫ్యాకల్టీ చదువులు, బోర్డు తీర్మానాలు. వేరే యూనివర్సిటీల ప్రొఫెసర్లు, అధికారులు క్యాంపస్‌కొచ్చి వాటిని సరిచూస్తారు. వాళ్లు సిఫార్సు చేస్తారంతే, నిర్ణయం హెచ్‌ఎల్‌సీ బోర్డుది. మొదట దక్కేది క్యాండిడేట్ హోదా. ఫెడరల్ నిబంధనల ప్రకారం ఆ దశ ఐదేళ్లు దాటకూడదు. మీరు చూసింది అదే: దారిలో ఉంది, ఇంకా చేరలేదు.

జవాబు 2:
గుర్తింపు వచ్చాక కూడా పోవచ్చు. పదేళ్లకోసారి పూర్తి తనిఖీ, మధ్యలో ఒక రివ్యూ, ఏటా లెక్కలు పంపాలి. యూనివర్సిటీలు దెబ్బతినేది డబ్బు దగ్గర, అసెస్‌మెంట్ (పిల్లలు ఏం నేర్చుకున్నారో కొలవడం) దగ్గర. దానికి మార్కుల పట్టిక ఒక్కటే పెడితే ఒప్పుకోరు. ఉదాహరణకి, డేటాబేస్ కోర్సులో పిల్లలు క్వెరీలు రాయడంలో వెనకబడ్డారనుకోండి. అది ఎలా తెలిసింది, సిలబస్‌లో ఏం మార్చారు, మార్చాక తర్వాతి బ్యాచ్ ఎలా రాసింది, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. చాలాచోట్ల మొదటిది ఉంటుంది, మిగతా రెండూ ఉండవు.

తేడా వస్తే హెచ్‌ఎల్‌సీ హెచ్చరికలుంటాయి: నోటీస్, ప్రొబేషన్, షో-కాజ్ (గుర్తింపు ఎందుకు తీసేయకూడదో చెప్పమనడం). ఈ దశల్లో అక్రెడిటేషన్ ఇంకా ఉన్నట్టే. కానీ వెబ్‌సైట్‌లో ‘అక్రెడిటెడ్’ అన్న ఒక్క మాట చూసి ఆగిపోకండి, హెచ్‌ఎల్‌సీ పెట్టే బహిరంగ ప్రకటన తెరిచి కారణం చదవండి.

జవాబు 3:
హెచ్-1బీ (ఉద్యోగ వీసా) సంగతి కూడా చూసుకోండి. అందులో అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకి విడిగా ఉన్న 20,000 కోటాకి, డిగ్రీ ఇచ్చిన నాటికి యూనివర్సిటీకి గుర్తింపు గానీ క్యాండిడేట్ లాంటి ముందస్తు హోదా గానీ ఉండాలి. పైగా అది ప్రభుత్వానిదో నాన్-ప్రాఫిట్‌దో అయి ఉండాలి. మీరు ప్రైవేటు అన్నారు కాబట్టి ఇది ముందే అడిగి తేల్చుకోండి. చదువయ్యాక పని చేసుకోనిచ్చే అనుమతిని 24 నెలలు పొడిగించే స్టెమ్ ఓపీటీకి మాత్రం అక్రెడిటేషనే కావాలి. ఇంకొకటి, కొత్త క్యాంపస్ పెడితే దానికి విడిగా అనుమతి తీసుకోవాల్సి రావచ్చు. ఐ-20 మీదున్న అడ్రసు హెచ్‌ఎల్‌సీ జాబితాలోని అడ్రసుతో కలుస్తుందో లేదో ఫీజు కట్టకముందే చూడండి.