ఫ్రైడ్ ఓక్రా: పూత నూనెలో రాలిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: అమెరికా దక్షిణాది ఇళ్లలో చేసే పద్ధతిలో బెండకాయ ముక్కల్ని మజ్జిగలో ముంచి, కార్న్‌మీల్ (ఎండు మొక్కజొన్నల రవ్వలాంటి పిండి) అద్ది వేయిస్తే పూత సగం రాలి మూకుడు అడుగున చేరుతోంది. మిగిలింది మెత్తబడుతోంది. ఏం మార్చాలి?

జవాబు 1: కడిగిన కాయల్ని పొడిగా తుడిచాకే అరంగుళం ముక్కలు కోయండి. మజ్జిగ చిక్కగా ఉండాలి, ముక్కలకి పట్టేంత చాలు. జల్లెడలో వేసి మిగులు కారిపోనివ్వండి. అరకిలోకి కప్పు సన్న కార్న్‌మీల్, పావు కప్పు మైదా, చెంచా ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు కారం. కార్న్‌ఫ్లోర్ వేస్తే ఆ కరకర రాదు. పూత పట్టించాక పది నిమిషాలు ఆగితే పిండి తడి పీల్చుకుని అంటుకుంటుంది. రాలిన పొడిని దులిపేసి అప్పుడు నూనెలో వేయండి.

జవాబు 2: మెత్తబడడానికి కారణం నూనె వేడి చాలకపోవడం. 180 డిగ్రీల దగ్గర ఉంచి కొద్దికొద్దిగా వేయండి. ఒకేసారి గుమ్మరిస్తే వేడి పడిపోయి ముక్కలు నూనె తాగేస్తాయి. తీశాక పేపర్ మీద గుట్టపోయకుండా జాలీ మీద పరవండి, కింద ఆవిరి పట్టదు.

జవాబు 3: అసలు మజ్జిగే అక్కర్లేదండీ. పాతకాలపు పద్ధతిలో ముక్కలకి ఉప్పు రాసి పావుగంట వదిలేస్తే ఊరే జిగురే కార్న్‌మీల్‌ని పట్టుకుంటుంది. ఇనుప స్కిల్లెట్‌లో (వెడల్పాటి పెనంలో) అర సెంటీమీటరు నూనె, ఇష్టమైతే చెంచా బేకన్ (పంది మాంసం) కొవ్వు. మాటిమాటికీ కలపొద్దు, అడుగు ఎర్రబడ్డాకే తిప్పాలి. పూత అక్కడక్కడే ఉంటుంది, బెండకాయ రుచి మాత్రం ఇందులోనే బాగా తెలుస్తుంది. కాయలు నాలుగంగుళాలు దాటితే పీచే, ఏ పిండీ కాపాడలేదు.