మోత మీద పట్టింపు ఎక్కడ ఎక్కువ: ముంబైలోనా, హైదరాబాద్‌లోనా?

దేవరకద్ర_ముంబై: పదహారేళ్లుగా ముంబైలో సెంట్రింగ్ పని చేస్తున్నా. మొన్న పెళ్లికి మహబూబ్‌నగర్ వచ్చా. రాత్రి పన్నెండున్నరకు బరాత్ డీజే. స్టీలు గిన్నెలు అల్మారాలో వాటంతట అవే టకటకలాడాయి. ముంబైలో ఇట్ల నడవదు, అక్కడ రూల్స్ గట్టివి. మన హైదరాబాద్‌లోనే లేవు, ఇక జిల్లాల్లో ఏముంటాయి?

లెక్కల_సారు_నల్లగొండ: అన్నా, తప్పు. రెండు చోట్లా రూల్ ఒకటే. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాలు. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. ఆసుపత్రి, బడి, కోర్టు దగ్గర నిశ్శబ్ద మండలమైతే 50, 40. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ముంబైకి వేరే పుస్తకం లేదు.

దేవరకద్ర_ముంబై: సారూ, పుస్తకం సంగతి కాదు. అక్కడ హారన్ల మోత 85 దాటితే ఎర్ర లైటు మళ్లీ మొదటికొచ్చేటట్టు పోలీసులు సిగ్నల్ పెట్టారు. 2020లో ఆ వీడియో దేశమంతా చూసింది.

లెక్కల_సారు_నల్లగొండ: అది జనానికి బుద్ధి చెప్పే ప్రచారం, రూల్ కాదు. అట్ల చూస్తే మన హైకోర్టు 2022లో హైదరాబాద్ పబ్బుల్లో రాత్రి 10 దాటాక మ్యూజిక్ వద్దంది. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు. ఎవరిది గట్టిది?

మిర్యాలగూడ_రైస్: మా మిల్లు పక్కన వారం రోజులు ఉండండి. డీజే జోలపాట అనిపిస్తది.

బాస్_బాక్స్: డీజే సిస్టం నాది. వడ్డీకి తెచ్చి కొన్నా. 45 అంటే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంతలో పెళ్లి చేసి చూపించండి. అయినా మీరు కొలిచేది ఫోన్ యాప్‌తోనే కదా?

లెక్కల_సారు_నల్లగొండ: యాప్ చెల్లదు, ఒప్పుకుంటా. ఇంకోటి, ఆ 55, 45 అనేవి సగటు లెక్కలు. ఒక్క క్షణం మోత పెరిగితే ఉల్లంఘన అయిపోదు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పదింతలు అవుతుందని కూడా మరవొద్దు.

బాస్_బాక్స్: సగటే కదా! మధ్యలో పాట ఆపి అన్నం తింటాం, అది కూడా కలిపి లెక్కేయండి.

లెక్కల_సారు_నల్లగొండ: సగటు సంగతి తర్వాత, లౌడ్ స్పీకరుకు వేరే రూల్ ఉంది. రాతపూర్వక అనుమతి కావాలి, బయట రాత్రి 10 తర్వాత పూర్తిగా బంద్. పండుగలకు ప్రభుత్వం 12 దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించొద్దు.

బాస్_బాక్స్: ఆ 15 రోజుల్లో ముహూర్తాలుంటాయా? పంతులును అడగండి.

దేవరకద్ర_ముంబై: చూశారా, ముంబైలో ఇట్ల ఎదురు మాట్లాడరు.

లెక్కల_సారు_నల్లగొండ: అక్కడ ఫోన్ చేసినవాడి పేరు వీధికి తెలియదు కాబట్టి! మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిన మూడో రాత్రి నేను 100కు ఫోన్ చేశా. వచ్చారు, పది నిమిషాలు తగ్గించారు, పోయారు, మళ్లీ మొదలు. పొద్దున పాలప్యాకెట్ కోసం గేటు తీస్తే ఇద్దరు నిలబడ్డారు. "సారూ, ఫోన్ చేసింది మీరేనంట కదా?" పేరు ఎట్ల బయటపడ్డదో! ఇప్పటికీ ఆ ఇంటివాళ్లు నాతో మాట్లాడరు. శబ్దం కొలిచే కేంద్రాలు 7 నగరాల్లో 70 పెట్టారు. ముంబై, హైదరాబాద్‌కు చెరి పది. నల్లగొండకు? నా చెవులే మీటరు.

డప్పు_దరువు: మా నాయన డప్పు కొట్టేవాడు. ప్రతి పెళ్లికీ పిలుపు, బియ్యం, పైసలు. డీజేలు వచ్చాక పిలిచేవాళ్లు లేరు. మోత గురించి మాట్లాడేవాళ్లు ఈ ముక్క ఎన్నడూ అడగరు.

బాస్_బాక్స్: నీ బాధ నాకు తెలుసు తమ్ముడూ, నేనూ ఆ వాడవాణ్నే. సారూ, ఇప్పుడు సూటిగా అడుగుతా. మా వాడ బోనాలకు కూడా ఫోన్ చేసింది మీరే. మీ కాలనీలో పొద్దున అయిదుకే మైకు మోగుతది. ఆరు కాలేదు కదా, రాత్రి లెక్కే. దానికి ఎన్నడైనా చేశారా?

లెక్కల_సారు_నల్లగొండ: అది భక్తి గీతం, సౌండు తక్కువ...

బాస్_బాక్స్: సగటు ఎంత?

డప్పు_దరువు: 😀

లెక్కల_సారు_నల్లగొండ: చేయలేదు. ఆ కమిటీలో మా ఇంటి ఓనర్ ఉన్నాడు.

బాస్_బాక్స్: మరి మా వాడలో మీకు ఓనర్లు లేరు, అందుకే ఫోన్ వచ్చింది. ముంబై అన్నా, ఇంతకీ ఆ గిన్నెలు ఊగిన బరాత్ ఎవరిది?

దేవరకద్ర_ముంబై: మా అన్న కొడుకుది.

బాస్_బాక్స్: డీజేకు అడ్వాన్స్?

దేవరకద్ర_ముంబై: నేనే పంపిన. పది గంటలకల్లా ఆపుతారనుకున్నా.

మిర్యాలగూడ_రైస్: ఏ ఊరి పది?