టీఓఐ-4603బి: గ్రహమా, బ్రౌన్ డ్వార్ఫా?

నింగిచూపు: అహ్మదాబాద్ పీఆర్ఎల్ (భౌతిక పరిశోధన ప్రయోగశాల) బృందం 2023లో ప్రకటించిన, వేరే నక్షత్రం చుట్టూ తిరిగే టీఓఐ-4603బి ద్రవ్యరాశి గురుగ్రహానికి 12.89 రెట్లు. అనిశ్చితి అటూ ఇటూ 0.58. డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) మండడానికి ఐఏయూ (అంతర్జాతీయ ఖగోళ సంఘం) పెట్టుకున్న హద్దు 13 రెట్లు; అది దాటితే బ్రౌన్ డ్వార్ఫ్, అంటే గ్రహానికీ నక్షత్రానికీ మధ్య రకం. అంటే కొలత ఆ హద్దుకు రెండు వైపులా పరుచుకుని ఉంది. అలాంటప్పుడు నిస్సందేహంగా "గ్రహం" అని రాయడం సరికాదని నా వాదన.

ఉల్కాపాతం: సాంద్రత ఘన సెంటీమీటరుకు 14.1 గ్రాములట, సీసం కంటే ఎక్కువ. అంత బరువైనది రాయీ ఇనుమే అయ్యుండాలి కదండీ? అలాగైతే గ్రహమే.

ధ్రువరేఖ: కాదండీ. ఇది ప్రధానంగా హైడ్రోజన్, హీలియమే. వ్యాసార్థం గురుడికి 1.04 రెట్లే. ఈ స్థాయిలో ఎంత ద్రవ్యం చేర్చినా పరిమాణం పెద్దగా పెరగదు. లోపల ఎదురొత్తేది ప్రధానంగా ఎలక్ట్రాన్ల డీజనరసీ పీడనం (కిక్కిరిసిన ఎలక్ట్రాన్లు ఇంకా దగ్గరవకుండా తోసే ఒత్తిడి). అందుకే ద్రవ్యం చేరేకొద్దీ గురుత్వం లోపలి పదార్థాన్ని ఇంకా నొక్కేస్తుంది, సాంద్రత పెరుగుతుంది. బ్రౌన్ డ్వార్ఫులూ ఇంతే సైజులో ఉంటాయి. కాబట్టి సాంద్రతను బట్టి తేల్చలేం.

నింగిచూపు గారూ, ఆ 13 సూర్యుడిలాంటి లోహశాతానికి (హైడ్రోజన్, హీలియం కాక మిగతా మూలకాల పాలుకు) చెప్పిన అంకె. స్పీగెల్, బరోస్, మిల్సమ్ 2011లో లెక్కగట్టినదాని ప్రకారం హీలియం, లోహశాతం, ఎంత డ్యూటీరియం మండాలన్న షరతు మారితే హద్దు సుమారు 11 నుంచి 16 దాకా జరుగుతుంది. అంత సాగే గీత దగ్గర 0.11 తేడా గురించి వాదించుకోవడం దండగ. ఇది ఎలా పుట్టిందన్నది చూడాలి.

నింగిచూపు: ఆ లెక్క నా వైపే ఉంది. ఈ నక్షత్రంలో లోహాలు సూర్యుడికి రెట్టింపు పైనే. లోహాలు ఎక్కువైతే వేడి బయటికి పోవడం కష్టమై, తక్కువ ద్రవ్యరాశికే డ్యూటీరియం అంటుకుంటుంది.

ధ్రువరేఖ: ఒప్పుకుంటాను. కానీ అదే లోహశాతం ఇది గ్రహాల్లాగా ఘనమైన కోర్ చుట్టూ వాయువు పేరుకుని పుట్టిందనడానికీ అనుకూలం. పైగా ద్రవ్యరాశి నక్షత్రంలో 143వ వంతే. గ్రహం అనడానికి ఐఏయూ 2018లో చేర్చిన షరతు 25వ వంతు లోపు.

తులామానం: అసలు బలహీనత నక్షత్రం బరువులో ఉంది. మౌంట్ అబూ 1.2 మీటర్ల టెలిస్కోపుపై ఉన్న పారస్ అనే వర్ణపటమాపకం కొలిచిన నక్షత్రపు ఊగు సెకనుకు సుమారు 980 మీటర్లు, చాలా బలమైన సంకేతం. టెస్ అంతరిక్ష టెలిస్కోపు చూసిన ట్రాన్సిట్ (నక్షత్రం ముందు నుంచి దాటడం) వల్ల తగ్గిన వెలుగు 0.15 శాతం. దాంతో కక్ష్య వాలు తెలిసింది కనుక ఇది కనిష్ఠ అంచనా కాదు, నిజమైన ద్రవ్యరాశే. అయితే దాన్ని రాబట్టే సూత్రంలో నక్షత్ర ద్రవ్యరాశి 2/3 ఘాతంతో వస్తుంది. సూర్యుడికి 1.76 రెట్లన్నది వర్ణపటం, నమూనాల నుంచి తీసిన అంకె. అది 5 శాతం పెరిగితే 12.89 కాస్తా 13.3 అవుతుంది. నక్షత్ర కంపనాలతో ఆ ద్రవ్యరాశిని విడిగా తేల్చగలిగితే, అప్పుడు 13కి ఏ పక్కన ఉందో మాట్లాడుకోవచ్చు.