ఇంటర్ అయినంక గేమ్ డిజైన్ డిగ్రీ: పైసలు పెట్టుడు దండుగనా?

కాజీపేట_జంక్షన్: పోరగాడు ఇంటర్ ఎంపీసీ. బీటెక్ వద్దట, హైదరాబాద్‌ల గేమ్ డిజైన్ డిగ్రీ చేస్తడట. నాలుగేండ్ల ఫీజు కడితే నౌకరి దొరుకుతదా?

గ్రేబాక్స్_హన్మకొండ: అన్నా, స్టూడియోలు సర్టిఫికెట్ చూడవు, ఆడి చూస్తయి. గేమ్‌లు కట్టే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్ ఫ్రీ. మూడు నిమిషాలు ఆడే లెవెల్ (ఆటల ఒక అంచె) ఒక్కటి, బూడిదరంగు డబ్బాలతోటే కట్టాలె. ఆటల బొమ్మ గట్టు అంచు దాటినంక సుత 0.1 సెకను దాక దుంకుడు బటన్ పనిచేసేటట్టు పెట్టాలె. లేకుంటే ఆడేటోడు "నొక్కిన, దుంకలే" అని తిట్టుకుంట ఆపేస్తడు. గిది పెట్టినోనికి పని తెలుసని చూడంగనే తెలుస్తది.

శ్రీలత_కరీంనగర్: ఒక్కడే చేసినంత సేపు బాగానే ఉంటుంది. యూనిటీ అనే ఇంకో గేమ్ ఇంజిన్‌లో ఇద్దరు ఒకే సీన్ ఫైలు మార్చి గిట్‌లో (జట్టు మార్పులను దాచి కలిపే సాఫ్ట్‌వేర్) కలపబోతే సీన్ పాడవ్వొచ్చు. సీన్‌ను ప్రీఫాబ్‌లుగా (మళ్ళీ మళ్ళీ వాడుకునే విడి ముక్కలు) విడగొట్టాలి, యూనిటీ తనంతట తయారుచేసుకునే లైబ్రరీ ఫోల్డర్‌ను గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని వాటి జాబితా) పెట్టాలి, 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులు దాచే సైటు) తీసుకోదు కాబట్టి పెద్ద ఫైళ్ళకు ఎల్‌ఎఫ్‌ఎస్ అనే గిట్ జోడింపు వాడాలి. ఇవి జట్టులో దెబ్బలు తింటేనే వస్తాయి. డిగ్రీ ఇచ్చేది ఆ జట్టునే.

గ్రేబాక్స్_హన్మకొండ: జట్టు కోసం లక్షలు పెట్టాల్నా? రెండు మూడు రోజులల్ల జట్టుగ ఆట కట్టే పోటీలు, గేమ్ జామ్‌లు లేవా?

శ్రీలత_కరీంనగర్: 48 గంటల్లో రాసిన కోడ్‌ను ఆరు నెలలు మోసి చూడండి. తూటా పేలిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ పుట్టిస్తారు, చంపేస్తారు. వాడేసిన మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ లేచినప్పుడల్లా, 60 ఎఫ్‌పీఎస్‌కు (సెకనుకు 60 ఫ్రేములు) ఒక్కో ఫ్రేముకు ఉన్న 16.6 మిల్లీసెకన్లు దాటిపోయి ఆట నత్తినత్తిగా నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో తెలియదు, 3 జీబీ ఫోన్‌లో బయటపడుతుంది.

హసన్‌పర్తి_09: గిట్ క్లాసు అయిపోయిందా? ఆయన అడిగింది నౌకరి సంగతి.

గ్రేబాక్స్_హన్మకొండ: తూటాలు ముందే చేసిపెట్టుకొని తిప్పి తిప్పి వాడితే అయిపోతది. ఆబ్జెక్ట్ పూలింగ్. ఒక్క సాయంత్రం ముచ్చట, దానికి నాలుగేండ్లా? మీరు కాలేజీల సీట్లు నింపుతరా ఏంది మేడం?

శ్రీలత_కరీంనగర్: మర్యాద. మీ దారిలో ఫీజు లేదు, ఖర్చు ఉంది. చూపించుకునే పనుల పోర్ట్‌ఫోలియో తయారయ్యేదాకా తిండి, ల్యాప్‌టాప్ ఇంటివాళ్ళవే కదా? పని దొరక్కపోతే డిగ్రీ లేనివాడు గ్రూప్-2 కూడా రాయలేడు.

గ్రేబాక్స్_హన్మకొండ: గందుకే బీటెక్ సీఎస్‌ఈ అంటున్న! కన్వీనర్ కోటా, అర్హత ఉంటే రీయింబర్స్‌మెంట్. ఆట పక్కన కట్టుకుంటడు. 2025 ఆగస్టుల కేంద్రం ఆన్‌లైన్‌ల పైసలు పెట్టి ఆడే ఆటలు బంద్ పెడితే ఆ కంపెనీలల్ల డిజైనర్ల నౌకర్లు పోయినయి. కోడింగ్ వచ్చినోడు ఇంకో సాఫ్ట్‌వేర్‌ల పడ్తడు. గేమ్ డిజైన్ కాయితం ఒక్కటే ఉన్నోడు ఏడికి పోవాలె? అది గూడ యూజీసీ గుర్తింపు లేని ఇన్‌స్టిట్యూట్‌దైతే గ్రూప్స్‌కు సుత పనికిరాదు.

శ్రీలత_కరీంనగర్: అంటే డిగ్రీ ఉండాలనే మీరూ అంటున్నారు! మీ పేచీ కోర్సు పేరుతో. మరి బొమ్మలు గీసేవాడిని నాలుగేళ్లు సీఎస్‌ఈలో కూర్చోబెడతారా?

కాజీపేట_జంక్షన్: మావోడు గీసుడే గీస్తడు. కోడింగ్ అంటే ఆమడ దూరం.

గ్రేబాక్స్_హన్మకొండ: గది ముందుగాల చెప్పొద్దా అన్నా! అట్లయితే ఇంజిన్ ముచ్చటే పక్కన పెట్టు. బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌ల ఒక గుడిసె, రెండు వేల ట్రయాంగిల్స్ (3డీ బొమ్మను కట్టే ముక్కోణపు ముక్కలు) లోపల, పైన అతికే 512 పిక్సెళ్ళ టెక్స్చర్ ఒక్కటి. అది ఫోన్‌ల నడిచేటట్టు చేసి చూపియ్యమను.

శ్రీలత_కరీంనగర్: హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ యానిమేషన్ అనే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, అది ప్రభుత్వ యూనివర్సిటీ. ఎంట్రన్స్‌లో డ్రాయింగ్ చూస్తారు.

కాజీపేట_జంక్షన్: దానికి ఎంపీసీ ఉండాల్నా?

శ్రీలత_కరీంనగర్: అక్కర్లేదు, ఇంటర్ పాసైతే చాలు.