సమస్య: వెలుగు మ్రింగిన చీకటి వెలుగు నిచ్చె

సంచాలకులు:
ఈ వారం పాదం పైన ఉంది. మొన్న వరదకి లంకల్లో కరెంటు పోయిన రాత్రి గట్టు మీద నిలబడితే పాలపుంత స్పష్టంగా కనిపించింది. అప్పుడు తట్టిన పాదం. పూరణ ఖగోళం వైపే ఉండాలి. ప్రేమలు, ఎన్నికలు వద్దు. విషయం తప్పితే యతి తప్పినట్టే లెక్క.

వశిష్ఠ గట్టు (నరసాపురం):
ముందు మీ పాదమే చూద్దామండి. 'మ్రిం' ముందున్న 'గు' గురువు అవదా?

అమలాపురం మాస్టారు:
అవదు. విడి మాట, పైగా తెలుగు మాట. ఇదే ప్రశ్న ఉగాదికీ అడిగారు, అప్పుడూ ఇదే చెప్పాను. నా పూరణ:

సుడిని పడుచున్న వాయువు చుట్టు తిరిగి
రాపిడిని కాగి యెర్రగా రగిలి మండె
హద్దు దాటక మునుపె యీ యద్భుతంబు
వెలుగు మ్రింగిన చీకటి వెలుగు నిచ్చె

మూడో పాదమే నా పద్యానికి ప్రాణం. కృష్ణబిలం (బ్లాక్ హోల్) హద్దు దాటాక లోపలి నుంచి ఏ వెలుగూ బయటికి రాదు. ధవళేశ్వరం దగ్గర వరద సుడిలో పడ్డ దుంగ నేరుగా మునగదు, చుట్టూ తిరిగి తిరిగి మునుగుతుంది. బిలంలోకి జారే వాయువూ అంతే. తిరిగేటప్పుడు పుట్టే వేడికి వెలుగుతుంది, ఆ వెలుగే మనకి చేరుతుంది. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. ఈ సుడిలో పది శాతం దాకా అవుతుంది, బిలం వేగంగా తిరుగుతుంటే ఇంకా ఎక్కువ. 1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 అనే క్వేజార్ (చూడ్డానికి నక్షత్రంలా కనిపించే బహుదూరపు వెలుగు) దూరం తేల్చాక, అంత దూరం నుంచి ఇంత వెలుగు ఎలా వస్తోందని అందరూ తలపట్టుకున్నారు. జవాబు ఈ సుడిలోనే దొరికింది.

వశిష్ఠ గట్టు:
మూడో పాదం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ 'యెర్రగా' ఎక్కడిది? పేపర్లో వచ్చిన బొమ్మ చూసి రాసినట్టున్నారు. 2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎం87 గెలాక్సీ కృష్ణబిలం బొమ్మ 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలతో తీసింది. కంటికి ఆనే రంగు అందులో లేదు. ఆ నారింజ రంగు శాస్త్రవేత్తలు తర్వాత వేసినది. విషయం తప్పితే యతి తప్పినట్టే అని పైన రాసి ఉంది.

క్షీరపురి (పాలకొల్లు):
'తెల్లగా' అంటే సరిపోతుంది కదండీ. గణమూ చెడదు, అంత వేడికి ఎరుపు కన్నా తెలుపే దగ్గర.

అమలాపురం మాస్టారు:
రంగు సంగతి వశిష్ఠ గారు చెప్పడం విశేషం. సంక్రాంతి పూరణలో 'ఒక్క చోటున విశ్వమే యొక్కసారి' పేలిందని రాసింది ఆయనే. ఏ చోటున? రాజమండ్రిలోనా? విశ్వం ఒక చోట పేలి ఖాళీలోకి చెదరలేదు. స్థలమే అన్ని వైపులా సాగింది, ఇప్పటికీ సాగుతోంది. 1965లో పెంజియాస్, విల్సన్ తమ యాంటెన్నాను ఏ దిక్కుకి తిప్పినా ఒకటే రొద విన్నారు. విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ళ వయసులో బయలుదేరిన వెలుగు అది, సాగి సాగి రేడియో తరంగమైంది. పేలుడు ఒక చోటే జరిగి ఉంటే ఆ దిక్కున ఎక్కువ వినపడాలి.

వశిష్ఠ గట్టు:
ఆ 'చోటు' అంటే అప్పటి విశ్వమంతా అని నా భావం. సంక్రాంతికే చెప్పాను.

అమలాపురం మాస్టారు:
భావం పద్యంలో కనిపించాలి.

సంచాలకులు:
సంక్రాంతి అయిపోయిందండీ. ఈ వారం పాదానికి రండి.

లంక కుర్రాడు:
ఆయ్, నాదీ చూడండి. మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

కాలమాగిపోయె నక్కడ గడియ లేదు
చేతి గడియార మచట నిశ్చేష్ట మయ్యె
హద్దు కడ నిల్చి యొక చిత్ర మట్టె మిగిలె
వెలుగు మ్రింగిన చీకటి వెలుగు నిచ్చె

వశిష్ఠ గట్టు:
మొదటి పాదం మూడో గణం కుంటింది. 'యె నక్కడ' అక్కడ ఇమడదు. రెండో పాదంలో 'నిశ్చేష్ట'తో యతి కుదిర్చిన తీరు మాత్రం చాలామంది పెద్దలకి చేతకాదు.

అమలాపురం మాస్టారు:
పెద్దలు అన్నది ఎవరినో నాకు తెలుసు. బాబూ, 'కాలమే యాగె నచ్చోట గడియ లేదు' అను, గణం నిలబడుతుంది. దాని తర్వాత అసలు సంగతి ఉంది. కాలం ఆగినట్టు కనిపించేది దూరంగా నిలబడి చూసేవాడికే. పడేవాడి చేతి గడియారం వాడికి మామూలుగానే నడుస్తుంది, హద్దు దాటినట్టు కూడా వాడికి తెలియకపోవచ్చు. అందుకని రెండో పాదం ఇలా మార్చి చూడు:

చూచు మనకేమొ, పడువాడు చూడ డట్లు

ఆ చిత్రం కూడా నిలిచిపోదు. ఎర్రబడి, మసకబారి, త్వరగానే కనుమరుగవుతుంది.

లంక కుర్రాడు:
బిలం దాకా ఎందుకండీ, భూమి దగ్గరే కాలం తేడా ఉంటుందని చదివాను. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు సర్దకపోతే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయట.

అమలాపురం మాస్టారు:
నిజమే. దాని మీద ఇంకో పద్యం రాయి. ఈసారి మూడో గణం చూసుకుని.

వశిష్ఠ గట్టు:
ఇక నాది.

నాడు హాకింగు లెక్కించి నట్టి తీరు
నంచు కడ పుట్టు జంటలో నణువు తప్పి
బయట పడె, బిలము కరగి బరువు తగ్గె
వెలుగు మ్రింగిన చీకటి వెలుగు నిచ్చె

స్టీఫెన్ హాకింగ్ 1974 నాటి లెక్క ఇది. బిలం అంచున జంటగా పుట్టే కణాల్లో ఒకటి బయటపడుతుంది, ఆ మేరకు బిలం బరువు తగ్గుతుంది. మాస్టారి పద్యంలో వెలుగు ఇచ్చింది వాయువు. నా పద్యంలో చీకటే ఇచ్చింది. పాదం అడిగింది చీకటిని.

క్షీరపురి:
దెబ్బ గట్టిగానే తగిలింది మాస్టారికి.

అమలాపురం మాస్టారు:
తగల్లేదు. పాదంలో 'ఇచ్చె' అని ఉంది, భూతకాలం. సూర్యుడంత బరువున్న బిలం వేడి ఒక కెల్విన్‌లో కోటో వంతు కన్నా తక్కువ. చుట్టూ ఉన్న ఆకాశం 2.7 కెల్విన్. అంటే నేడు ఆ బిలం ఇచ్చేదాని కన్నా పుచ్చుకునేదే ఎక్కువ, కరగడం మాట అటుంచి పెరుగుతోంది. తేలికైన కొద్దీ బిలం వేడి ఎక్కువ, కాబట్టి చంద్రుడి కన్నా తేలికైన బిలమైతేనే ఈ పద్యం నిలుస్తుంది. కాలం తెలియకుండా క్రియ వాడితే ఎలా?

క్షీరపురి:
మీరిద్దరూ బిలం దగ్గరే ఉండండి. నేను గుంటూరు వెళ్ళాను.

గ్రహణ వేళను గుంటూరు గగన మందు
పసుపు పచ్చని యొక గీత పలుకరించె
సృష్టి తొలినాటి వాయువే చిక్కె మనకు
వెలుగు మ్రింగిన చీకటి వెలుగు నిచ్చె

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి చూశారు. సూర్యుడి అంచు వెలుగుని రంగులుగా విడదీస్తే కనిపించిన ఆ పసుపు గీత హీలియంది. విశ్వం పుట్టిన మొదటి కొన్ని నిమిషాల్లోనే మామూలు పదార్థం బరువులో దాదాపు నాలుగో వంతు హీలియం అయింది.

లంక కుర్రాడు:
అమ్మో! చీకటి అంటే గ్రహణమా!

వశిష్ఠ గట్టు:
'పలుకరించె' అన్న క్రియకి నమస్కారం అండి. ఒక్క మాట మాత్రం. ఆ గీతని చూసినవాళ్ళు సోడియం అనుకున్నారు. అది వేరని తేల్చింది ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త, ఆ అక్టోబరులో, గ్రహణం లేకుండానే. గుంటూరుకి మొత్తం రాసేయకండి.

క్షీరపురి:
అందుకే 'పలుకరించె' అన్నాను, 'తెలిసిపోయె' అనలేదు. పలకరించినవారి పేరు తెలియడానికి టైము పడుతుంది. భూమి మీద హీలియం రసాయన శాస్త్రవేత్త రామ్జీ చేతికి చిక్కింది 1895లో.

వశిష్ఠ గట్టు:
సరే. మాస్టారూ, మీ కాలదోషానికి నా మూడో పాదం మార్పు:

బయట పడె చిన్ని బిలము తా బరువు తగ్గె

విశ్వం పుట్టినప్పుడే ఏర్పడిన బుల్లి బిలం అనుకోండి. ఈపాటికి కరిగిపోయి ఉంటుంది. 'ఇచ్చె' అతికినట్టు సరిపోయింది.

అమలాపురం మాస్టారు:
'చిన్ని' బాగా కూర్చారు, ఒక్క మాటతో పద్యం నిలబడింది. కానీ అలాంటి బిలం ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. దొరికిన రోజున నా ఓటు మీకే. ఈ వారం మాత్రం క్షీరపురి గారిది.